సినిమా అయ్యాక కారులో

నేను సినిమాలకి స్టార్లు ఇవ్వను. ఇచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ పొట్ట కొట్టడం ఎందుకు. మా ఇంట్లో లెక్క వేరే. ప్లేనోలో మేం వెళ్ళే థియేటర్ నుంచి ఇంటికి పాతిక నిమిషాల డ్రైవ్. ఆ పాతిక నిమిషాల్లో వెనక సీట్లోంచి మా పాప ఎన్ని ప్రశ్నలు అడిగిందన్నదే రేటింగ్. ఒక్కటీ అడగలేదంటే నిద్రైనా పోయుండాలి, సినిమాలో ఏమీ లేకైనా పోయుండాలి. ఐదు దాటాయంటే హిట్టు. ఏడాదిగా ఈ పద్ధతే నడుస్తోంది, ఇప్పటిదాకా పెద్దగా తేడా కొట్టలేదు.

పాపకి తొమ్మిదేళ్ళు. డాలస్‌లోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది కూడా. కాకపోతే వాక్యం తెలుగులో మొదలై మధ్యలో ఎక్కడో ఇంగ్లీషులోకి జారిపోతుంది. సినిమాకి వెళ్తే ఆ మాత్రం కష్టం కూడా పడక్కర్లేదు. కింద సబ్‌టైటిల్స్ ఉంటాయిగా! మీరెప్పుడైనా గమనించారో లేదో, ఇక్కడి హాళ్ళలో పిల్లలు మనకంటే ఒక సెకను ముందు నవ్వుతారు. తెర మీద మనిషి నోరు తెరిచేసరికే డైలాగంతా కింద పడిపోతుంది. వీళ్ళు చదివేసి నవ్వేస్తారు. తర్వాత అతను చెప్తాడు, అప్పుడు మనం నవ్వుతాం. ఇంకా ఎందుకు నవ్వుతున్నారన్నట్టు వాళ్ళు మన వంక చూస్తారు.

మాకైతే అదే వరసలో ఇంగ్లీషు చదవడం రాని పెద్దవాళ్ళు కూడా ఉంటారు. ఒకసారి మా అమ్మ, ఒకసారి మా అత్తగారు. అంటే పక్కపక్క సీట్లలో ఒకళ్ళు వినేవాళ్ళు, ఒకళ్ళు చదివేవాళ్ళు. మధ్యలో పాప్‌కార్న్ డబ్బా ఒక్కటే ఉమ్మడి ఆస్తి. ఆర్నెల్లు ఉండి వెళ్ళిపోయే మనిషితో ఈ పిల్లకి ఏం మాట మిగులుతుందా అనేది నా దిగులు. అందుకే ఈ ప్రశ్నల లెక్క. సబ్‌టైటిల్ సరిపోయిన సినిమాకి ప్రశ్నలుండవు. సరిపోని చోటే పుడతాయి.

పోయినేడాది వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు 'కల్కి 2898 ఏడీ'కి వెళ్ళాం. మేం ప్రీమియర్ల జోలికి పోం. మొదటివారం గోల తగ్గాక మంగళవారం డిస్కౌంటుకి వెళ్ళే బాపతు. నా మట్టుకు నాకు ఆ సినిమా మొదట్లో కురుక్షేత్రం దగ్గరా, చివర్లో అమితాబ్ లేచి నిలబడిన దగ్గరా బాగుంది. మధ్యలో ప్రభాస్ సరదాలు ఒక అరగంట తీసేసినా నాగ్ అశ్విన్ కథకి వచ్చిన నష్టం లేదు. మాట్లాడే కారు బుజ్జి కోసం మా చిన్నాడు మర్నాటి నుంచి బొమ్మ కావాలని ప్రాణం తీశాడు. పాపకి మాత్రం కారు ఎక్కలేదు. "ఆ ముసలాయనకి నుదుటి మీద రాయి ఎందుకుంది? ఎందుకు చచ్చిపోడు?" ఇదీ ఆవిడగారి మొదటి ప్రశ్న.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మ అందుకుంది. మాది తణుకు దగ్గర. మా వైపు పిల్లలు నాయనమ్మని మామ్మ అంటారు. మామ్మ అశ్వత్థామని మొదలుపెట్టింది. నిద్రపోతున్న ఉపపాండవుల దగ్గర నుంచి ఉత్తర కడుపులో బిడ్డ దాకా వచ్చేసరికి మేం గరాజ్‌లో ఉన్నాం. ఇంజిన్ ఆపేశాను, ఎవరూ దిగలేదు. జూలైలో టెక్సస్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి కారు ఆపి కూర్చోవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తర్వాత నాలుగు రాత్రులు అదే కథ. మూడు గంటల సినిమాకి నాలుగు రోజుల భారతం ఉచితం. ఆ లెక్కన కల్కి నాకు బ్లాక్‌బస్టరే.

అన్నట్టు, ఇక్కడి థియేటర్లలో ఇంటర్వెల్ ఉండదు. తెర మీద ఇంటర్వెల్ అని పడుతుంది, మనం లేచి నిలబడేలోపు రెండో సగం మొదలైపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు చీకట్లో మెట్లు దిగి బయటికి వెళ్ళి రావాలంటే ఒక పాట, ఒక ఫైటు, ఒక్కోసారి ఒక చావు కూడా పోతుంది. మా అమ్మ తిరిగొచ్చాక "ఇందాకటాయన ఏడీ?" అని అడిగి, పోయాడంటే "అయ్యో, నేను లేనప్పుడా" అని నొచ్చుకుంటుంది. మూడేసి గంటలు తీసే దర్శకులు ఒక్కసారి వాళ్ళ అమ్మగార్లని తీసుకొచ్చి ఇక్కడ చూపిస్తే సినిమాలు వాటంతటవే రెండుంపావుకి వచ్చేస్తాయని నా నమ్మకం.

ఈ జనవరిలో మా అత్తగారు వచ్చారు. ఆవిడది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. మాది అదీ ఇదీ కలిసిన సంసారం అన్నమాట. పప్పులో పులుపు దగ్గర నుంచి 'అచ్చింది, వచ్చింది' దాకా అన్నిట్లోనూ రెండు పార్టీలు. ఆవిడ దిగిన వారానికే 'సంక్రాంతికి వస్తున్నాం'. అనిల్ రావిపూడి సినిమాలో కథ వెతకడం, పెళ్ళి భోజనంలో కేలరీలు లెక్కపెట్టడం ఒకటే. కిడ్నాపూ, దాన్ని విడిపించే తతంగం ఎంత తక్కువ ఆలోచిస్తే అంత మంచిది. కానీ పెళ్ళాం ఒక పక్కా, పాత ప్రేమ ఒక పక్కా కూర్చుంటే మధ్యలో వెంకటేష్ పెట్టే మొహం ఉంది చూశారూ, దానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు. ఐశ్వర్యా రాజేష్ ఆ భాగ్యం పాత్రని మోసిన తీరు నాకు అందరికంటే నచ్చింది. హాల్లో మొదటిసారి పాపా, అమ్మమ్మా ఒకే క్షణంలో నవ్వారు. బయటికొస్తూ మా ఆవిడ "నువ్వేంటి, వాళ్ళని చూస్తూ కూర్చున్నావ్" అంది.

ఆ సినిమాలో గోదావరి యాసకి అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. కారెక్కాక "మీ దిక్కోళ్ళు నిజంగనే గిట్ల మాట్లాడుతరా అల్లుడూ?" అన్నారు. కొంచెం ఎక్కువ చేశాడు లెండి అని మా పరువు నిలబెట్టబోయాను. వెనక నుంచి పాప అంది: "మామ్మ కూడా అలాగే మాట్లాడుతుంది కదా నాన్నా. మరి మామ్మ మాట్లాడితే ఎవరూ నవ్వరేం? సినిమాలో ఎందుకు జోక్?"

తెలుగు సినిమా ఎన్నో ఏళ్ళుగా చెప్పుకోవాల్సిన సంజాయిషీ ఇది. హీరో మాట్లాడే భాష ఒకటి, వెనక నవ్వించేవాళ్ళూ విలన్లూ మాట్లాడే భాష ఇంకొకటి. అత్తగారి వైపు భాషకైతే చాలాకాలం ఆ రెండు వేషాలే దక్కాయి. 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి తెలంగాణ మాట మాట్లాడుతూ హీరోయిన్‌గా నిలబడితే మా ఆవిడ ఆ సినిమాని మూడుసార్లు ఎందుకు చూసిందో అప్పట్లో నాకు అంతగా తెలియలేదు. పాపకి ఇదంతా ఎలా చెప్పను? "మామ్మ మాట బాగుంటుంది కాబట్టి సినిమాలో పెట్టుకున్నారు" అన్నాను. నమ్మినట్టు లేదు.

'35 చిన్న కథ కాదు' మాత్రం ఇంట్లో ఆహాలో చూశాం. నాకు ఏడాదిన్నరగా చూసిన వాటిలో బాగా దగ్గరైన సినిమాల్లో ఒకటి ఇది. తిరుపతిలో ఒక ఇల్లు, వంట చేసుకునే ఒక తల్లి, లెక్కలు ఎక్కని ఒక పిల్లాడు. వాడికి పాస్ మార్కులు 35 రావాలి. అంతే కథ. సున్నాకి విలువ లేదంటారు, మళ్ళీ ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే పెద్దదెలా అవుతుందని వాడి సందేహం. ఆ సందేహం తీర్చకుండా వాణ్ణే సున్నా అని పిలిచే మాస్టారు. కొడుక్కి చెప్పడం కోసం తల్లి మళ్ళీ లెక్కలు నేర్చుకోవడం దగ్గర నివేదా థామస్ ఎక్కడా ఒక్క గీత ఎక్కువ తియ్యలేదు. చివరికొచ్చేసరికి అన్నీ చక్కగా ఒక చోటికి చేరిపోవడం కాస్త సినిమాటిక్‌గా అనిపించింది గానీ, పిల్లాడి మొహం చూసి క్షమించేశాను.

మా పాప ప్రశ్న మాత్రం నేననుకున్న సున్నా గురించి కాదు. "35 అంటే ఎఫ్ గ్రేడ్ కదా, దానికి అందరూ ఎందుకు అంత హ్యాపీ?" నిజమే! ఇక్కడి స్కూల్లో 35 తెచ్చుకుంటే టీచర్ నుంచి ఈమెయిల్ వస్తుంది. మాకు టెన్త్‌లో 35, ఇంజనీరింగ్‌లో 40 అంటే గండం గట్టెక్కినట్టు. ఆ గట్టు మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నవాళ్ళకి తప్ప ఆ సినిమా టైటిల్లోని అంకె విలువ తెలియదు. అత్తగారు అందుకుని, ఆవిడ ఏడో తరగతితో బడి మానేసిన సంగతి చెప్పారు. నాట్లకి మనుషులు దొరక్క ఇంట్లో మానిపించారట. పాప కళ్ళు ఇంతింత చేసుకుని "ఊరికే మానేశావా అమ్మమ్మా?" అంది. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లకి అమ్మమ్మ ఉంది, ఆ సంగతి మాత్రం అప్పుడే తెలిసింది.

'కోర్ట్' పిల్లలకి చూపించలేదు. వాళ్ళు పడుకున్నాక పెద్దవాళ్ళం చూశాం. 2013 నాటి విశాఖపట్నం కథ. పందొమ్మిదేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి, పిల్లల రక్షణకి పెట్టిన పోక్సో చట్టాన్ని పరువు కోసం ఆయుధం చేసుకున్న ఒక పెద్దమనిషి. శివాజీ ఆ మంగపతి వేషంలో ఉన్నంతసేపూ నాకు సోఫాలో సరిగ్గా కూర్చోబుద్ధి కాలేదు. అలాంటివాళ్ళని మనందరం ఏదో ఒక పెళ్ళిలో చూసే ఉంటాం. వాదనల దగ్గర మాత్రం ప్రియదర్శి చేత మనకి తెలిసినదే రెండుసార్లు చెప్పించారు. మా ఆవిడ ఒకటే మాటంది: "ఆ ఇంట్లో ఆడవాళ్ళు అంతమంది ఉండి, ఒక్కరూ నోరు విప్పలేదు చూశావా." అత్తగారు "విప్పితె ఊకుంటడా వాడు" అని లేచి వెళ్ళి పడుకున్నారు.

ఇక 'బలగం'.

ఈ సినిమా వచ్చింది 2023 మార్చిలో. తెలంగాణలో ఊళ్ళకి ఊళ్ళు పంచాయతీ ముందు తెర కట్టుకుని చూశాయని చదివాం. ఇంతకుముందు కమెడియన్‌గానే తెలిసిన వేణు యెల్దండి తీశాడు. మా స్నేహితులందరూ చూశారు, చూసి ఏడ్చారు, చూడమని చెప్పారు. మా ఆవిడ చూడనంది. రెండేళ్ళు అలాగే వాయిదా వేస్తూ వచ్చింది. నేనూ అడగలేదు.

2021 మే నెలలో మా మామగారు పోయారు. అప్పటి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇండియా నుంచి అమెరికా రాకపోకల మీద ఆంక్షలు, వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్లు లేవు, అక్కడ లాక్‌డౌన్. వెళ్ళలేకపోయాం. పదకొండో రోజు మా బావమరిది మాస్కు పెట్టుకుని ఒక చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. విస్తరి పెట్టి అందరూ వెనక్కి జరిగారు. అక్కడికి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కలిసేసరికి అందరూ ఇంటికి బయల్దేరిపోయారు. మా ఆవిడ ఆ తర్వాత ఆ సంగతి ఎవర్నీ అడగలేదు. నాలుగేళ్ళు.

బలగం కథంతా దాని మీదే. కొమురయ్య అనే తాత చచ్చిపోతాడు. మూడో రోజు పెట్టిన పిండాన్ని పిట్ట ముట్టదు. మా వైపు కాకి అంటాం, వాళ్ళు పిట్ట అంటారు. ఎందుకు ముట్టదయ్యా అంటే ఆ ఇంట్లో కొడుక్కీ అల్లుడికీ ఎన్నో ఏళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవయ్యా అంటే విందులో నల్లి బొక్క దగ్గర వచ్చిన తగాదా. ఇక్కడ మా ఇంట్లో ఒక నవ్వు. గోదావరి వాళ్ళకి బొక్క అంటే చిల్లు, కోపంలో ఇంకా ఏదో. కరీంనగర్‌లో బొక్క అంటే ఎముక. పాప అయోమయంగా నా వైపోసారి, వాళ్ళమ్మ వైపోసారి చూసింది. సబ్‌టైటిల్లో అది ఉట్టి ఎముకే కదా, వీళ్ళెందుకు నవ్వుతున్నారని. బావా బావమరుదుల పట్టింపు కూడా ఇంగ్లీషులో నిలవదు. బావైనా, బావమరిదైనా, మరిదైనా, తోడల్లుడైనా అక్కడ అందరికీ ఒకటే పేరు, బ్రదర్ ఇన్ లా. పిలుపులో ఉన్న లెక్క తెలియకపోతే ఒక మూలగ ముక్క కోసం మనుషులు ఏళ్ళ తరబడి మొహం చూసుకోకపోవడం పిచ్చిగానే అనిపిస్తుంది. చూడమని అత్తగారే అడిగారు కాబట్టి ఆ ఆదివారం అందరం కూర్చున్నాం గానీ, నా కళ్ళు సినిమా మీద కంటే మా ఆవిడ మీదే ఉన్నాయి.

తెర మీద పిట్ట రావట్లేదు. అందరూ చెట్ల వంక చూస్తున్నారు. అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "మీ నాయినకు జల్దినే ముట్టింది బిడ్డా. గా పోన్ల నీకు కనవడలేదు గని, ఇస్తరి వెట్టి ఇట్ల జరిగినమో లేదో, అచ్చి వాలింది."

మా ఆవిడ రిమోట్ తీసుకుని పాజ్ నొక్కింది. ఏమీ అనలేదు. అత్తగారే చెప్పుకుంటూ పోయారు. ఏమేం పెట్టారో, ఎవరెవరు వచ్చారో, లాక్‌డౌన్ అని ఎవరు రాలేకపోయారో. "చాయ గూడ వెట్టినం. బతికున్నన్ని దినాలు షుగరు షుగరు అని చక్కెర లేకుంటనే ఇస్తిమి. గా దినం మాత్రం మూడు చెంచాలేసిన."

పాప సోఫా అంచుకి జరిగింది. "షుగర్ వేశావని తాతయ్యకి తెలుసా అమ్మమ్మా?"

"తెల్వకనే అచ్చి తాగిండా మరి!"

మా ఆవిడ ముందు నవ్వింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అందరికీ టీ పట్టుకొచ్చింది, చిన్నాడికి పాలు. టీలో చక్కెర ఎక్కువైందని ఎవరూ అనలేదు.

మిగతా సినిమా చూశాం. చివర్లో బుడగ జంగాల వాళ్ళొచ్చి పాడే ఘట్టం గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. అంత పొడుగు పాటని, అంతమంది ఏడుపుని, మామూలుగా అయితే నేను ఫార్వర్డ్ కొట్టే రకం. కొట్టలేదు. ఆ పాటలో పాప సగం చదివింది, సగం అమ్మమ్మని అడిగింది. అమ్మమ్మ మధ్యమధ్యలో ముక్కు చీదుకుంటూ చెప్పారు. సినిమా పరంగా చెప్పాలంటే ఆ సాయిలు పెళ్ళీ, అప్పులూ, మేనత్త కూతురి వ్యవహారం కాస్త అతికించినట్టుంది. తాత పోయిన ఇంట్లో మనుషులు తినడం, తాగడం, నవ్వడం, మళ్ళీ ఏడవడం ఉన్నదున్నట్టు తీశాడు కదా, దాని ముందు ఇది లెక్కలోకి రాదు. ఇంట్లో చూశాం కాబట్టి కారు ప్రశ్నల లెక్క కట్టలేదు. కట్టినా దొరికేది కాదు, రెండు రోజులు నడిచాయవి. తాతయ్య పొలం ఎక్కడ, ఆ పిట్ట రోజూ వస్తుందా, నువ్వు పోతే నీకేం పెట్టాలి అమ్మమ్మా, అనేదాకా. మా ఆవిడ కసిరింది గానీ అత్తగారు చాలా శ్రద్ధగా ఆలోచించి "బగార అన్నం" అన్నారు.

ఈ మధ్య 'కుబేర'కి వెళ్ళాం. ధనుష్ ఆ బిచ్చగాడి వేషంలో ఎంత మునిగిపోయాడంటే, కాసేపటికి నటుడని గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. నాగార్జున ఈ వయసులో ఇలాంటి అటూ ఇటూ కాని పాత్ర ఒప్పుకోవడం బాగుంది. శేఖర్ కమ్ముల మీద అభిమానం కొద్దీ మూడు గంటలూ కూర్చున్నాను. రెండో సగంలో వాచీ చూసుకోలేదని మాత్రం చెప్పలేను. చిన్నాడు నా ఒళ్ళో నిద్ర. పాప ప్రశ్నలు మూడు. డబ్బంత ఉన్నవాళ్ళకి ఇంకా ఎందుకు కావాలన్నది అందులో ఒకటి. ఆ సినిమాకి అంతకంటే పెద్ద రివ్యూ ఎవరూ రాయలేదనుకుంటా. అత్తగారు మాత్రం రెండున్నర గంటల దగ్గర నా చెయ్యి గిల్లి, "గిదేంది బిడ్డా, బయటికి పోవుడెప్పుడు?" అన్నారు.

వచ్చే నెల రెండో వారంలో ఆవిడ ప్రయాణం. వెళ్ళేలోపు 'సంక్రాంతికి వస్తున్నాం' ఇంకోసారి చూడాలట, అదీ ఇంట్లోనే. జీ5లో ఉంది. ఈసారి మధ్యలో ఆపి, మిరపకాయ బజ్జీలు వేసి, నిఖార్సైన ఇరవై నిమిషాల ఇంటర్వెల్ ఇస్తానని మాటిచ్చాను.